మా నాయన కాలేయంలో గడ్డ ఉంది, ‘టేస్’ చేయించమంటారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా నాయనకు 62 ఏళ్లు. కొన్నాళ్లుగా అన్నం సహించడం లేదు, కుడి పక్కటెముకల కింద బరువుగా ఉందంటున్నాడు. నల్లగొండలో స్కానింగ్ తీయిస్తే కాలేయంలో గడ్డ ఉందన్నారు. హైదరాబాద్ తీసుకుపోయాం. అక్కడ సీటీ తీసి ఇది కాలేయ క్యాన్సర్ అన్నారు. కుడివైపు 6 సెంటీమీటర్ల గడ్డ ఒకటి, ఎడమవైపు చిన్నవి రెండు ఉన్నాయట. కాలేయం గట్టిపడిందని, రక్తంలో హెపటైటిస్ బి ఉందని కూడా చెప్పారు. కోసి తీయడం కుదరదు, తొడ దగ్గర రక్తనాళంలో నుంచి సన్నని గొట్టం పంపి ‘టేస్’ అనే చికిత్స చేస్తాం, త్వరగా రమ్మన్నారు. మా చిన్నాన్న ఒప్పుకోవడం లేదు. క్యాన్సర్ గడ్డకు సూది తగిలితే ఒళ్లంతా పాకుతుంది, పసరు పోయిద్దాం అంటున్నాడు. నాయనకు జబ్బు పేరు ఇంకా చెప్పలేదు. ఆయన జన్మలో మందు ముట్టలేదు. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చిందా? ఉన్న బత్తాయి తోట అమ్మితే నయమవుతుందంటే రేపే అమ్ముతాను. ఏం చేయమంటారు?

సమాధానం:

తోటను ఇప్పుడే బేరానికి పెట్టకండి. పసరు మాత్రం ఒక్క చుక్క కూడా తాగించకండి.

ఇక టేస్ సంగతి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే డాక్టర్లు సరైన దారిలోనే ఉన్నారు. గడ్డలు ఒకటికి మించి ఉండి, అవి కాలేయానికి రెండు వైపులా ఉండి, కాలేయం గట్టిపడి ఉన్నప్పుడు మొదట ఆలోచించే చికిత్సల్లో ఇదొకటి. అయితే మీ ఉత్తరంలో గడ్డల కొలతలు ఉన్నాయి కానీ మిగతా కాలేయం ఎలా ఉందో చెప్పే అంకె ఒక్కటీ లేదు. నన్నడిగితే మొదట తేల్చవలసింది అదే. గడ్డను చంపడం డాక్టరు పని, ఆ దెబ్బను తట్టుకొని నిలబడవలసింది మాత్రం మిగిలిన కాలేయం. అది నిలబడగలదా లేదా అన్నదాని మీదే మీ నిర్ణయం అంతా ఆధారపడి ఉంటుంది.

నేను ఈ చికిత్స చేసే డాక్టరును కాను. నల్లగొండలో జనరల్ ఫిజీషియన్‌ని. హైదరాబాద్‌లో చేయించుకొని ఇంటికి చేరినవాళ్లకు ఆ తరువాత జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బినా మొదట మాలాంటి వాళ్ల దగ్గరికే వస్తారు. అందుకే ఆసుపత్రి లోపల జరిగేదానితో పాటు ఇంటికి వచ్చాక జరిగేది కూడా కాస్త వివరంగా రాస్తాను.

కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర దాదాపు ముప్పావు వంతు రక్తాన్ని తెస్తుంది, హెపాటిక్ ధమని మిగతా పావు వంతు తెస్తుంది. కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్ గడ్డ మాత్రం దాదాపు పూర్తిగా ధమని రక్తం మీదే పెరుగుతుంది. రెండు బోర్ల నీళ్లు పారే మీ తోటలో ఒక పిచ్చి చెట్టు ఒకే బోరు నీళ్లు తాగి పెరుగుతోందనుకోండి. ఆ బోరు నుంచి దానికి వెళ్లే పైపును మూసేస్తే ఆ చెట్టు ఎండుతుంది, తోట బతుకుతుంది. టేస్ నడిచేది ఈ ఒక్క తేడా మీదే. జపాన్ డాక్టర్లు 1970ల చివర్లో, 80ల్లో దీన్ని రోగుల మీద వాడి చూపించారు. పూర్తి పేరు ట్రాన్స్ఆర్టీరియల్ కీమోఎంబొలైజేషన్. ధమని గుండా వెళ్లి కీమో మందు పెట్టి, ఆపైన ఆ రక్తనాళాన్ని మూసేయడం అన్నమాట.

చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. గుండెకు యాంజియోగ్రామ్ చేసే గది లాంటిదే ఇక్కడా ఉంటుంది. చాలామందికి పూర్తి మత్తు ఇవ్వరు. గజ్జ దగ్గర గానీ మణికట్టు దగ్గర గానీ తిమ్మిరి సూది వేసి, కాస్త నిదానపరిచే మందు ఇస్తారు. ధమనిలోకి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ కాలేయం దాకా తీసుకుపోతారు. రంగు మందు వదిలినప్పుడు కడుపులో వేడిగా అనిపిస్తుంది, అది మామూలే, ముందే చెప్పి ఉంచితే మీ నాయన భయపడడు. ఆ రంగు మందు వెలుగులో గడ్డ వైపు వెళ్లే కొమ్మలు కనిపిస్తాయి. అప్పుడు మొదటి గొట్టంలో నుంచి ఇంకా సన్నని మైక్రోక్యాథెటర్‌ను పంపి, వీలైనంతవరకు గడ్డను పోషించే కొమ్మ లోపలికే వెళ్తారు. డాక్సోరుబిసిన్ లేదా సిస్‌ప్లాటిన్ వంటి మందును లిపియోడాల్ అనే నూనెతో కలిపి అక్కడ వదులుతారు. గసగసాల నూనెకు అయోడిన్ చేర్చి తయారుచేసే మందు ఇది. ఆ నూనె గడ్డలో చాలాకాలం నిలిచి ఉంటుంది. ఆ తరువాత జెలటిన్ తునకలతో ఆ కొమ్మను మూసేస్తారు. మందు అక్కడే ఉండిపోతుంది, గడ్డకు రక్తం ఆగిపోతుంది. చాలావరకు ఒకటి రెండు గంటల పని. గజ్జ గుండా చేస్తే ఆ తరువాత కొన్ని గంటలు కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి. మణికట్టు గుండా చేస్తే ఆ తిప్పలు తక్కువ. నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మణికట్టు గుండా వీలవుతుందా అని అడగడంలో తప్పేమీ లేదు.

మీ చిన్నాన్న గారి భయం గురించి. ఆయన మాటను కొట్టిపారేయకండి, దాని వెనక కొంత నిజం ఉంది. కాలేయ గడ్డలోకి సూది గుచ్చి ముక్క తీసినప్పుడు, ఆ సూది దారిలో క్యాన్సర్ కణాలు పడే ప్రమాదం కొద్దిగా ఉంది. ఒళ్లంతా పాకడం మాత్రం కాదు, ఆ దారిలోనే. గట్టిపడిన కాలేయం ఉన్నవాళ్లలో, సీటీలో లేదా ఎంఆర్ఐలో గడ్డ తీరు స్పష్టంగా ఉంటే ముక్క తీయకుండానే క్యాన్సర్ అని నిర్ధారిస్తారు. రంగు మందు ధమనిలోకి రాగానే గడ్డ వెలిగి, కాసేపటికి చుట్టూ ఉన్న కాలేయం కన్నా వెలవెలబోవడం ఆ తీరు. మీ నాయనకు బహుశా అలాగే తేల్చి ఉంటారు. టేస్‌లో గడ్డను సూది ముట్టుకోదు, గొట్టం రక్తనాళం లోపలే ఉంటుంది. ఈ మాట మీ చిన్నాన్నకు మీరు చెప్పడం కన్నా, ఆయన్నే వెంట తీసుకుపోయి డాక్టరుతో చెప్పించండి. ఇంట్లో పెద్దవాళ్లు బయట ఉండి వద్దనడం కన్నా లోపలికి వచ్చి అడగడమే అందరికీ మంచిది.

పసరు గురించి ఇంకొక్క మాట. కామెర్లకు ఆకు పసరు తాగితే తగ్గిందని మన దగ్గర ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు చెబుతారు. కలుషిత నీటితో, తిండితో వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు దక్కుతుంది. మీ నాయన పరిస్థితి వేరు. ఇప్పటికే గట్టిపడిన కాలేయానికి, ఏముందో తెలియని ఆకు రసం ఇంకో దెబ్బ కావచ్చు. అప్పుడు రక్తంలో బిలిరుబిన్ (కామెర్లు ఎంత ఉన్నాయో చూపే అంకె) పెరిగితే టేస్‌కు ఉన్న అవకాశమే చేజారుతుంది. రెండో డాక్టరు అభిప్రాయం కోసం వారం, పది రోజులు ఆగితే గడ్డ తారుమారు కాదు. పసరుతో రెండు మూడు నెలలు గడిపేస్తే అవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. డాక్టర్లు కాలేయం బలాన్ని ఐదు విషయాలతో కొలుస్తారు, దాన్ని చైల్డ్-ప్యూ లెక్క అంటారు. రక్త పరీక్షల కాగితం ముందు పెట్టుకొని మీరే వేసుకోవచ్చు. బిలిరుబిన్ 2 కన్నా తక్కువ, కాలేయం తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 3.5 కన్నా ఎక్కువ, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.7 కన్నా తక్కువ ఉండాలి. కడుపులో నీరు ఉండకూడదు, మనిషికి తికమక, మగత ఉండకూడదు. ఈ ఐదూ బాగుంటే ఒక్కోదానికి ఒకటి చొప్పున మొత్తం 5 వస్తుంది. ఏది చెడితే దానికి రెండో మూడో వేస్తారు. మొత్తం 5 లేదా 6 అయితే ‘ఎ’ తరగతి, టేస్‌ను చాలావరకు తట్టుకుంటారు. 7 అయితే ఆచితూచి చేస్తారు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే, అంటే ‘సి’ తరగతి అయితే, టేస్ మేలు కన్నా కీడే చేస్తుంది. గడ్డ చచ్చినా కాలేయం చేతులెత్తేస్తుంది. అలాంటి స్థితిలో చేయనని చెప్పిన డాక్టరు మిమ్మల్ని వదిలించుకోవడం లేదు, కాపాడుతున్నాడు.

ఆరో విషయం పోర్టల్ సిర. సీటీ రిపోర్టులో దాని గురించి తప్పక రాస్తారు. పెద్ద పోర్టల్ సిర గడ్డతో మూసుకుపోయి ఉంటే ఆ దారి రక్తం ముందే తగ్గిపోయిందన్నమాట. మిగిలిన ధమని దారినీ టేస్‌తో మూస్తే మంచి కాలేయానికి కూడా రక్తం ఉండదు. అలాంటివాళ్లకు మామూలుగా టేస్ చేయరు. మాత్రలు, ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందులు), లేదా ‘టేర్’ ఆలోచిస్తారు. టేర్ కూడా గొట్టం గుండా చేసేదే. కీమో మందుకు బదులు ఇట్రియం-90 అనే రేడియోధార్మిక పదార్థం నింపిన, కంటికి ఆనని గాజు లేదా రెజిన్ పూసలను గడ్డలోకి పంపుతారు. అవి లోపలి నుంచే రేడియేషన్ ఇస్తాయి. సుమారు 64 గంటలకోసారి వాటి శక్తి సగానికి తగ్గుతూ పోతుంది. రక్తప్రవాహాన్ని పెద్దగా ఆపవు కాబట్టి పోర్టల్ సిర మూసుకుపోయినవాళ్లలో కొందరికి ఇది పనికొస్తుంది. అయితే ఖర్చు చాలా ఎక్కువ. పూసలు ఊపిరితిత్తుల్లోకి ఎంత జారతాయో చూడడానికి ముందుగా ఒకసారి నమూనా పరీక్ష కూడా చేయాలి. మీ నాయన పోర్టల్ సిర తెరిచి ఉంటే ఈ గొడవలోకి పోనవసరం లేదు.

తోట అమ్మితే నయమవుతుందా అని అడిగారు. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినట్టే. టేస్ సాధారణంగా జబ్బును సమూలంగా తీసేసే చికిత్స కాదు. గడ్డను అదుపులో పెట్టి, ఆయుష్షును పొడిగించే చికిత్స. 2002లో రెండు ముఖ్యమైన అధ్యయనాలు వచ్చాయి, ఒకటి స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి, ఇంకొకటి హాంకాంగ్ నుంచి. బార్సిలోనాలో టేస్ చేసినవాళ్లలో రెండేళ్ల తరువాత 63 శాతం మంది బతికి ఉన్నారు, గడ్డకు ఏ చికిత్సా ఇవ్వనివాళ్లలో 27 శాతం. హాంకాంగ్‌లో ఆ అంకెలు 31, 11. అక్కడివాళ్లలో ఎక్కువమందికి, మీ నాయన లాగే, హెపటైటిస్ బి ఉంది, గడ్డలు కూడా పెద్దవి. రెండు చోట్లా అంకెలు వేరైనా తేడా ఒకవైపే ఉంది. ఆ తరువాత పరికరాలు, మందులు, రోగులను ఎంచే పద్ధతి మెరుగుపడ్డాయి. అంకెలు చదివి గుండె జారితే అది సహజం. కానీ తోట అమ్మేవాడికి ఈ అంకెలు ముందే తెలిసి ఉండాలి.

పూర్తిగా నయం చేయగల దారులు మూడు. కాలేయం బాగుండి ఒకే గడ్డ ఉంటే కోసి తీయడం, సుమారు 3 సెంటీమీటర్ల లోపు గడ్డలను వేడితో కాల్చడం, కాలేయ మార్పిడి. మార్పిడికి 1996 నుంచి ఒక కొలత ఉంది: ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్ల లోపు, లేదంటే మూడింటికి మించకుండా ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు. మీ నాయన దానికి కాస్త బయట ఉన్నాడు. అయితే టేస్‌తో గడ్డలను ఆ కొలతలోకి తెచ్చి, ఆపైన మార్పిడి చేసినవాళ్లు ఉన్నారు. 62 ఏళ్లకు ఆ తలుపు మూసుకుపోదు. ‘ఈయన విషయంలో మార్పిడి ఆలోచన ఉందా, లేకపోతే ఎందుకు లేదు’ అని అడగండి. లేదని చెప్పినా కారణం తెలిస్తే మనసు కుదుటపడుతుంది. కాలేయ సర్జను, గ్యాస్ట్రో డాక్టరు, క్యాన్సర్ డాక్టరు, రేడియాలజిస్టు కలిసి కూర్చొని నిర్ణయించే ఆసుపత్రి అయితే మేలు. దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. మీ నాయన ఫైలు బోర్డు ముందు పెట్టారా అని అడిగే హక్కు మీకుంది.

డబ్బు సంగతికి వద్దాం. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉన్నట్టే అనుకొని ముందు అటే నడవండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. అయితే ప్రతి ఆసుపత్రిలో ప్రతి చికిత్సా దాని కింద దొరకదు. అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ఈ చికిత్స పేరు చెప్పి అడగండి. ఇక్కడ ఈ ప్యాకేజీ వర్తిస్తుందా, ఏది దాని కిందికి రాదు, రెండోసారి చేయవలసి వస్తే ఎలా అని. డబ్బు కట్టేశాక అడిగితే అది తిరిగి రావడం కష్టం. పంజాగుట్ట నిమ్స్ వంటి చోట చేయించేటట్లయితే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్ఓసీ (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) కోసం చికిత్సకు ముందే ప్రయత్నించవచ్చు. డాక్టరు రాసిన ఖర్చు అంచనా కాగితం తీసుకొని ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్తే దరఖాస్తు ఎలా పెట్టాలో చెబుతారు. ఇవన్నీ చూడకుండా తోటను అగ్గువకు అమ్మడం నాకు ఇష్టం లేదు.

ఇంకో విషయం. మందు నింపిన పూసలతో చేసే టేస్ ఉంది, ఖర్చు ఎక్కువ. దానివల్ల కీమో మందు ఒంట్లోకి తక్కువగా పాకుతుంది, కొందరికి బాధలు తక్కువ. కానీ నూనెతో చేసే మామూలు టేస్ కన్నా ఎక్కువ కాలం బతుకుతారని పోల్చి చూసిన అధ్యయనాల్లో తేలలేదు. డాక్టరు ప్రత్యేక కారణం చెబితే సరే. ‘ఖరీదైనది కదా, అదే చేయండి’ అని మీ అంతట మీరు అడగకండి.

ఇంటికి వచ్చాక ఏమవుతుందంటే, చాలామందికి జ్వరం, కుడి డొక్కలో నొప్పి, వాంతులు, నీరసం ఉంటాయి. గడ్డ చచ్చేటప్పుడు ఇవి మామూలే. కొద్ది రోజుల్లో, ఎక్కువైతే వారంలో తగ్గుతాయి. సమస్య అంతా ఇక్కడే మొదలవుతుంది. మా దగ్గరికి ఒక పెద్దాయనను తెచ్చారు. టేస్ అయి ఊరికి వచ్చాడు, నొప్పి భరించలేకపోతే ఊళ్లో వైద్యం చేసే అతను వరుసగా డైక్లోఫెనాక్ సూదులు వేశాడు. నొప్పి తగ్గింది, మూత్రం కూడా తగ్గింది. తెచ్చేసరికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగా పెరిగి ఉంది. గట్టిపడిన కాలేయం ఉన్నవాళ్లలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కిడ్నీలను చాలా త్వరగా దెబ్బతీస్తాయి, పైగా అంతకుముందే రంగు మందు కిడ్నీల గుండా వెళ్లి ఉంటుంది. ఆ పెద్దాయన కోలుకున్నాడు, కానీ రెండోసారి టేస్ చాలా ఆలస్యమైంది. మీ ఊరి అతనికి ఇప్పుడే చెప్పి ఉంచండి, నాయనకు ఏ నొప్పి సూదీ వేయవద్దని. రోజు మొత్తం మీద 2 గ్రాములు మించకుండా పారాసిటమాల్ వాడవచ్చు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు. అది చాలకపోతే చికిత్స చేసిన డాక్టరుకు ఫోను చేయాలి. నిద్ర మాత్రలు కూడా వద్దు.

జ్వరం వారం దాటినా తగ్గకపోయినా, చలి పుట్టి వణుకుతో వచ్చినా, కళ్లు పచ్చబడినా, కడుపు ఉబ్బినా, మూత్రం తగ్గినా, మలం నల్లగా పోయినా, రక్తం కక్కినా, పగలు నిద్రపోతూ రాత్రి మేలుకొని పొంతన లేని మాటలు మాట్లాడినా, గొట్టం వేసిన చోట వాపు పెరిగినా, ఆ కాలు చల్లబడినా తెల్లవారేదాకా చూడకండి. 108కి ఫోను చేసి నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేయండి. ఇక్కడ స్థిమితపరిచి, అవసరమైతే మేమే హైదరాబాద్ పంపుతాం. డిశ్చార్జి కాగితం, సీటీ సీడీ వెంట ఉండాలి. అవి లేకుండా వచ్చినవారికి ఏం చేశారో మాకు తెలియక చాలా సమయం పోతుంది.

తిండి విషయంలో పథ్యం పేరుతో మనిషిని ఎండగట్టకండి. ‘కాలేయం జబ్బుకు పప్పు వద్దు, గుడ్డు వద్దు’ అని చాలా ఇళ్లలో వట్టి జావ తాగిస్తారు. ఇది తప్పు. కండ కరిగితే కాలేయం రోగి ఇంకా త్వరగా పడిపోతాడు. జొన్న రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, ఆయనకు ఇష్టమైతే చేప, అన్నీ పెట్టండి. ఒకేసారి తినలేకపోతే కొద్దికొద్దిగా ఐదారు సార్లు. పడుకునే ముందు ఏదైనా కాస్త తినడం చాలా అవసరం, గట్టిపడిన కాలేయం రాత్రంతా ఖాళీ కడుపును తట్టుకోలేదు. కడుపులో నీరు ఉంటే ఉప్పు, పచ్చళ్లు, అప్పడాలు తగ్గించాలి. మీ తోట బత్తాయిలు నిరభ్యంతరంగా తినవచ్చు.

నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ సీటీ లేదా ఎంఆర్ఐ తీస్తారు. రిపోర్టు చూసి ‘గడ్డ 6 సెంటీమీటర్లు అలాగే ఉంది’ అని చాలామంది కుంగిపోతారు. సైజును చూడకండి. చచ్చిన గడ్డ వెంటనే చిన్నది కాదు. అందులోకి రంగు మందు ఎక్కుతోందా లేదా అన్నదే ముఖ్యం. ఎక్కకపోతే ఆ భాగం చచ్చినట్టు. అంచున ఎక్కడైనా వెలుగుతూ ఉంటే అక్కడ ప్రాణం మిగిలి ఉంది, మళ్లీ చేయవచ్చు. రెండుసార్లు చేసినా గడ్డ లొంగకపోతే మూడోసారి పట్టుబట్టకండి. ప్రతిసారీ మంచి కాలేయం కూడా కాస్త నష్టపోతుంది. అప్పుడు లెన్వాటినిబ్, సొరాఫెనిబ్ వంటి మాత్రలు, అటెజోలిజుమాబ్-బెవాసిజుమాబ్ వంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. కాలేయం ఇంకా బాగుండగానే వాటికి మారడం మంచిది.

హెపటైటిస్ బి గురించి మీరు ఒక్క మాటే రాశారు, నాకు మాత్రం అది చాలా పెద్ద విషయం. టేస్ తరువాత ఈ వైరస్ విజృంభించి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. అందుకే చికిత్సకు ముందే టెనొఫొవిర్ లేదా ఎంటెకవిర్ మొదలుపెట్టాలి, మళ్లీ డాక్టరు చెప్పేదాకా ఒక్క రోజు కూడా మానకూడదు. ఇంకా మొదలుపెట్టకపోతే ఎందుకని అడగండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఈ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి.

జబ్బు ఎందుకు వచ్చిందో కూడా దీనితోనే తెలిసిపోతుంది. ఫ్లోరైడ్ వల్ల కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎముకలను, పళ్లను ఎంత పాడుచేసిందో మన కళ్లతో చూశాం, కానీ కాలేయ క్యాన్సర్‌కు అది కారణమని తేలలేదు. మందు తాగని మనిషిలో ఏళ్ల తరబడి ఉన్న హెపటైటిస్ బి ఒక్కటే ఇందుకు చాలు. దీనికి తోడయ్యేది ఇంకొకటి ఉంది. బూజు పట్టిన పల్లీల్లో, మక్కల్లో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో ఇది ప్రమాదాన్ని చాలా రెట్లు పెంచుతుంది. వేయించినా పూర్తిగా పోదు. పాలమూరు, వనపర్తి వైపు యాసంగి పల్లీ పండించే ఇళ్లలో మంచి గింజ అమ్మి, ముడుచుకున్నవి, రంగు మారినవి ఇంటికి ఉంచుకుంటారు. అవి పశువులకు కూడా పెట్టవద్దు, పారేయడమే మంచిది.

ఇప్పుడు మీ వంతు. మీరు, మీ అమ్మ, మీ అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పిల్లలు అందరూ హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకోవాలి. చిన్న రక్త పరీక్ష. లేదని తేలి, రక్షణ కూడా లేకపోతే టీకా మూడు మోతాదులు: ఇప్పుడు, నెలకు, ఆరు నెలలకు. ఉందని తేలితే భయపడనవసరం లేదు, కానీ తండ్రికి కాలేయ క్యాన్సర్ వచ్చింది కాబట్టి ఆరు నెలలకోసారి కాలేయం స్కానింగ్, ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్ జాడ చూసే రక్త పరీక్ష) తప్పవు. మీ నాయన గడ్డ 2 సెంటీమీటర్లు ఉన్నప్పుడే దొరికి ఉంటే ఈ ఉత్తరమే మరోలా ఉండేది. నాయనకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టకండి, కలిసి తింటే ఇది అంటదు. గడ్డం గీసుకునే బ్లేడు, పళ్ల బ్రష్షు మాత్రం ఎవరివి వారికే ఉండాలి.

చివరగా, ఆయనకు చెప్పలేదన్నారు. చెప్పండి. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేది ఆయన, మెలకువగా బల్ల మీద పడుకునేది ఆయన, నొప్పి పడేది ఆయన, తోట కూడా బహుశా ఆయన పేరునే ఉంటుంది. ఇన్ని తనవైనప్పుడు జబ్బు పేరు తెలుసుకునే హక్కు కూడా ఆయనదే. ఇంట్లో గుసగుసలు మొదలైన రోజునే చాలామంది పెద్దలకు అర్థమైపోతుంది. అడిగితే మీరు బాధపడతారని వాళ్లు అడగరు. ఒకేసారి అన్నీ కుమ్మరించనక్కరలేదు. ‘కాలేయంలో గడ్డ ఉంది నాయనా, మంచిది కాదంటున్నారు, గొట్టం పంపి చేసే చికిత్స ఉందట’ అని మొదలుపెట్టి, ఆయన ఎంత అడిగితే అంత చెప్పండి. ఎన్నాళ్లు బతుకుతానని అడిగితే ఒక అంకె చెప్పకండి, నిజంగా ఎవరికీ తెలియదు. చికిత్స వద్దని ఆయన అంటే ఎందుకో వినండి. భయమైతే డాక్టరుతో మాట్లాడించండి. ఆలోచించి చెప్పిన మాటైతే దాన్ని గౌరవించండి. అప్పుడు కూడా నొప్పి, వాంతులు లేకుండా చూసే వైద్యం ఉంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో అందుకోసమే ఒక విభాగం ఉంది.

ఈ వారంలో చేయవలసింది ఇది. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, ఏఎఫ్‌పీ, హెపటైటిస్ బి డీఎన్ఏ, ఇన్ని రిపోర్టులు ఒక్క ఫైలులో పెట్టండి. సీటీ రిపోర్టులో పోర్టల్ సిర గురించి రాసిన వాక్యం కింద గీత గీయండి. ఆహారనాళంలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నాయేమో చూడడానికి ఎండోస్కోపీ చేశారా అని అడగండి. షుగరు మాత్రలు, రక్తం పలచబరిచే మాత్రలు ఏవైనా వాడుతుంటే వాటి పేర్లు కూడా రాసి పెట్టండి, చికిత్సకు ముందు కొన్నింటిని ఆపవలసి ఉంటుంది. ఆ అంకెలు నాకు పంపితే చైల్డ్-ప్యూ లెక్క మీతో కలిసి చూస్తాను. 5 గానీ 6 గానీ వచ్చి, పోర్టల్ సిర తెరిచి ఉండి, నాయన సరేనంటే తేదీ తీసుకోండి.